చలపతిరావు మెడకు మాక్ ఇంటర్వ్యూ

ఆ పొద్దున చలపతిరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. పంజాగుట్టలో మేనల్లుడి ఆఫీసుకెళ్లి పాస్‌పోర్టు ఇచ్చేయడం, పదింటి బ్యాచ్‌కి అమీర్‌పేటలోని కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌కి చేరుకుని పాఠం చెప్పుకోవడం. మెడ ఆపరేషన్‌కి సింగపూర్ వెళ్తున్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పదలచుకోలేదు. మైకు లేకుండా హాలు నిండా కూర్చున్నవాళ్లకి మెయిన్‌ఫ్రేమ్స్ చెప్పగల గొంతు ఆయనది. ఆ గొంతుకి ఆనుకునే కత్తి పెడతారని తెలిస్తే సగంమంది పక్క ఇన్‌స్టిట్యూట్‌కి జారుకుంటారు. భార్య హైమవతి పోయాక ఆయన జీవితంలో మిగిలిన సందడల్లా ఆ క్లాసే.

మెడపట్టీ చూసి ఆటో డ్రైవర్ గుంత గుంతకీ వేగం తగ్గించాడు. "ఫికర్ చెయ్యకుండ్రి సార్. జర ఆలస్యమైతది గని, ఎక్కిన మెడ ఎక్కినట్టే దిగుతది," అన్నాడు. ఆ మాటకే నొప్పి కాస్త వెనక్కి తగ్గినట్టనిపించింది.

మేనల్లుడు రఘురామ్ ఇన్నాళ్లూ టికెట్లు అమ్మాడు. ఈమధ్యే విదేశీ వైద్య యాత్రలు మొదలుపెట్టాడు. మేనమామ మెడనొప్పితోనే బోణీ.

"మీరు దేనికీ బుర్ర పాడుచేసుకోకండి మావయ్యా! ఆపరేషను, ఫైవ్ స్టార్ హోటలు, మధ్యలో పక్షుల పార్కు. ఐదో రోజు తిరుగు విమానం."

"పక్షుల్ని చూడాలంటే మెడ ఎత్తాలి కదరా?"

"నేలమీద తిరిగేవి కూడా ఉంటాయిలెండి!"

అక్కణ్ణుంచే చలపతిరావు ఇన్‌స్టిట్యూట్ యజమాని సురేందర్‌కి ఫోన్ చేశాడు. "వచ్చే వారం సింగపూర్ వెళ్తున్నానండీ. కొన్నాళ్లు నా బ్యాచ్ మీరే చూసుకోవాలి," అని అంతటితో పెట్టేశాడు. అక్కడే పొరపాటైంది. అమీర్‌పేటలో మనిషి విదేశం వెళ్లేది ఒక్క ఉద్యోగానికే. ఇంకో కారణం ఉండొచ్చని అక్కడెవరికీ తట్టదు.

పంజాగుట్ట చౌరస్తా ట్రాఫిక్ దాటడానికి ఆటోకి గంట పట్టింది. ఆ గంట సురేందర్‌కి ధారాళంగా సరిపోయింది. చలపతిరావు ఇన్‌స్టిట్యూట్ ముందు దిగేసరికి మేడ మీంచి ఫ్లెక్సీలో ఆయన బొమ్మే మెడపట్టీతో సహా వేలాడుతోంది. కింద పెద్దక్షరాలు: "మా సారుకే సింగపూర్‌లో ఉద్యోగం! రేపు మీకే!" కొత్తగా చేరేవాళ్ల వరస మెట్లు దిగి మిర్చిబజ్జీల బండి దాకా సాగింది.

"మెడపట్టీ పెట్టుకోని సుత ఇంటర్వ్యూ కొట్టిండు మా సారు!" అని అరుస్తూ, ఆయన హాల్లో అడుగుపెట్టగానే సురేందర్ తడితడి బంతిపూల దండ ఒకటి మెడలో వేశాడు. చలపతిరావుకి పట్టపగలే చుక్కలు కనిపించాయి. ముందు వరసలోని విద్యార్థిని యశస్విని గబుక్కున లేచొచ్చి దండ తీసి కుర్చీకి వేసింది. ఆ పిల్ల చల్లగా ఉండాలని మనసులోనే దీవించాడాయన.

"ఇంటర్వ్యూలో ఏమడిగారు సార్?" అని హాలంతా ఒక్కటే గోల.

అబద్ధం ఆడడం ఆయనకి ఎప్పుడూ చేతకాలేదు. "ఉద్యోగం కాదర్రా. మెడ ఆపరేషన్‌కి వెళ్తున్నాను."

సురేందర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. మెట్ల మీద ఎవరో కట్టిన ఫీజు తిరిగి ఇమ్మంటున్నారు. అప్పుడు తారక్ అనే కుర్రాడు చెయ్యెత్తాడు.

"మరి మాక్ ఇంటర్వ్యూ అయిందా సార్?"

"ఆపరేషన్‌కి మాక్ ఇంటర్వ్యూ ఏమిటయ్యా?"

"అసలుదానికి ముందు మాక్ లేకుండా ఎవర్నీ దేశం దాటనివ్వద్దని రూల్ పెట్టింది మీరే కద సార్!"

కాదనలేక చలపతిరావు కుర్చీలో కూర్చున్నాడు. తారక్ ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"మీకు ఆపరేషన్ చేసే డాక్టర్ పేరు?"

"పేరు... హోటల్ పేరు తెలుసు."

"ఆయన మీ స్కాన్ చూశారా?"

"అది మా ఇంట్లోనే ఉంది."

"ఐదో రోజు విమానం ఎక్కొచ్చని ఎవరన్నారు?"

"రఘురామ్."

"డాక్టరా సార్?"

"టికెట్లు అమ్ముతాడు."

హాలు గొల్లుమంది. యశస్విని మాత్రం నవ్వలేదు. "తిరిగొచ్చినంక జ్వరమొచ్చినా, ముద్ద మింగుడు పడకపోయినా ఎవరికి చూపిస్తరు సార్? ఇక్కడ ఏ డాక్టరైనా చూస్తనన్నరా? మెడ ముందు నుంచి కోస్తే గొంతుకేమైతదో అడిగిన్రా?"

చలపతిరావు చెయ్యి దానంతటదే గొంతు మీదికి వెళ్లింది. "అడగలేదమ్మా. ఏం చెబుతారోనన్న భయంతో అడగలేదు."

"ఫెయిల్ సార్," అన్నాడు తారక్ బాధగా.

సురేందర్‌కి ఎక్కడలేని పౌరుషం వచ్చింది. "మా ఇన్‌స్టిట్యూట్ల ఫెయిలా? గిప్పుడే అడుగుదాం!" అంటూ రఘురామ్‌ని బెదిరించి ఆసుపత్రి నంబరు రాబట్టి, ఫోన్ స్పీకర్‌లో పెట్టాడు. నలుగురి చేతులు మారాక ఎట్టకేలకు డాక్టరే లైన్లోకి వచ్చాడు. చలపతిరావు లేచి నిలబడి, ఆ హాలు గొంతుతోనే ఒక్కొక్క ప్రశ్నా అడిగాడు. గొంతు ప్రశ్న కూడా వదల్లేదు.

డాక్టర్ ఒక్కొక్కదానికీ నెమ్మదిగా జవాబు చెప్పాడు. ఈ ఆపరేషన్‌లో కొందరికి గొంతు బొంగురుపోతుందనీ, చాలామందికి మళ్లీ కుదురుకుంటుందనీ, అందరికీ అని మాత్రం మాటివ్వలేననీ అన్నాడు. ఐదో రోజు ప్రయాణం సంగతి తనకెవరూ చెప్పలేదన్నాడు. అసలు స్కాన్ చూడకుండా ఆపరేషన్‌కి ఒప్పుకోననీ, ముందు సొంత ఊళ్లో వెన్నెముక డాక్టరుకి చూపించుకోమనీ చెప్పాడు. చివర్న, ఇంత బాగా తయారై వచ్చిన రోగిని తానెప్పుడూ చూడలేదన్నాడు. ఈలలతో హాలు దద్దరిల్లింది.

ఆ సాయంత్రం సోమాజిగూడలో వెన్నెముక డాక్టర్ స్కాన్ చూసి, చేతుల బలం పరీక్షించాడు. "ఇప్పుడు ఆపరేషన్ అక్కర్లేదు సార్, వ్యాయామం చాలు. చేతిలో పట్టు తగ్గినా, నడక తడబడినా మాత్రం ఒక్క రోజు కూడా ఆగకుండా రండి," అన్నాడు.

వానాకాలం వెళ్లేసరికి మెడ రెండు వైపులా తిరుగుతోంది. క్లాసులో చలపతిరావు చెప్పే పాఠం కింద బజ్జీలు తినేవాళ్లకి కూడా ఉచితంగా వినిపిస్తోంది. రఘురామ్ ఇప్పుడు ఏ రోగికి టికెట్ తీయాలన్నా ముందు మావయ్య దగ్గరికి ప్రశ్నలకి పంపిస్తున్నాడు. వచ్చినవాళ్లలో సగంమంది సోమాజిగూడ డాక్టర్ దగ్గర్నుంచే ఇంటికి వెళ్లిపోతున్నారు. మిగతావాళ్లు డాక్టర్ పేరు తెలుసుకుని మరీ విమానం ఎక్కుతున్నారు. సురేందర్ దానికో బోర్డు కట్టించాడు: "విదేశీ ఆపరేషన్లకు మాక్ ఇంటర్వ్యూ. డెమో ఉచితం."

నెల తిరక్కుండానే అదే వీధిలో మరో రెండు ఇన్‌స్టిట్యూట్లు ఆ కోర్సు పెట్టాయి; ఒకచోట మెడా నడుమూ కలిపి తీసుకుంటే మోకాలు ఉచితం.