ఉత్తర దిక్కుకు అడ్డొచ్చిన లాండ్రీ

మంగళవారం ఉదయం పదకొండు గంటలకు, లాండ్రీ ఆవిడ ఇల్లు ఉత్తర దిక్కుకు అడ్డంగా ఉందని పటాల కార్యాలయం నిర్ధారించింది. ఆవిడ వెళ్లింది కుళాయి కోసం.

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే పని ఆవిడకు కుదిరినట్టే. సొంత కుళాయి ఉంటేనే ఇస్తామన్నారు. కుళాయి రావాలంటే ఇల్లు పటంలో ఉండాలి. పటం గీసిన రోజుల్లో ఆ మూల ఖాళీ. ఊరికే వదిలేయడం ఎందుకని గీసినాయన అక్కడ ఉత్తరాన్ని చూపే బాణం వేశాడు.

"పాతకాలంలో తెలియని చోట సముద్ర రాక్షసుల్ని గీసేవారమ్మా," అన్నాడు పటాల అధికారి. "మీకు బాణమే పడింది. సంతోషించండి."

"దాన్ని కాస్త పక్కకు జరపండి సార్."

"జరపొచ్చు. మిగతా మూడు దిక్కులూ అభ్యంతరం లేదని రాసివ్వాలి." (దక్షిణం తరఫున ఎవరు సంతకం చేయాలన్నది పరిశీలనలో ఉంది.)

గురువారం సర్వేయర్ వచ్చాడు. కొలత ప్రకారం బాణం ఆవిడ గుమ్మంలోంచి దూరి, వంటిల్లు దాటి, పెరట్లో ఉతికే తొట్టి మీదుగా పోవాలి. పోవడం లేదు.

"బాణం ఏదమ్మా?"

"నన్నడుగుతారేంటయ్యా? వండుకు తిన్నానా?"

దుప్పటి పిండుతున్న ఆడపడుచు నవ్వాపుకోలేకపోయింది. "మంచం కిందకేమైనా దొర్లిందేమో చూడు వదినా!"

సర్వేయర్ నవ్వలేదు. 'స్థలంలో బాణం లేదు. దరఖాస్తుదారు ఉన్నారు' అని రాసుకున్నాడు.

పటాన్ని మార్చే అధికారం ఆ కార్యాలయానికి లేదు. నేలను మార్చే అధికారం ఉంది. బాణాన్ని నేల మీదే వేయాలని, బాణం సంరక్షకురాలి హోదాలో ఆవిడకు కుళాయి ఇవ్వాలని తీర్మానించారు. సోమవారం ఇద్దరు పెయింటర్లు వచ్చి, వీధిలోంచి పెరటిదాకా నల్లరంగు పూశారు. ఆవిడ మంచాలు బయట వేసుకుని, వాళ్లకు టీ కూడా ఇచ్చింది.

సాయంత్రం అధికారి దిక్సూచి పట్టుకుని వచ్చాడు. బాణం తూర్పును చూపిస్తోంది.

"ఇంటి గోడ వెంట తాడు కట్టి గీశాం సార్," అన్నాడు పెద్ద పెయింటర్. "బాణం బాగానే ఉంది. ఇల్లే అటు తిరిగుంది."

"పోనీ సార్, ఎటు చూపిస్తే ఏం?" అంది ఆవిడ.

"ఒకప్పుడు కొన్ని పటాల్లో తూర్పునే పైన వేసేవారమ్మా. ఇప్పుడు కుదరదు."

ఇంటిని ఉత్తరానికి తిప్పుకోవడానికి ఆవిడకు నెల గడువిచ్చారు. ఆసుపత్రి వాళ్లు వారం ఆగుతామన్నారు.