తనకు తానే ఎక్కించుకోని తుపాకీ

ఏ యంత్రం చెడినా, దానిలో మొదట చెడిన భాగం దాన్ని వాడే మనిషే. ఇది ప్రకృతి నియమం కాదు. అంతకంటే గట్టిది, ప్రభుత్వ నియమం. 1965లో పెనుకొండ తాలూకా సంరక్షణ దళంలో ఆయుధాల గది చూసుకునే హెడ్ కానిస్టేబుల్ యల్లప్పకు ఈ సంగతి తెలియదు. ఇరవై ఏడేళ్ళ సర్వీసులో ఆయన తుపాకులు శుభ్రం చేయడం తప్ప మరేమీ నేర్చుకోలేదు.

ఆ వేసవిలో దళానికి అప్పుడే తయారైన కొత్త రకం తుపాకీ ఒకటి వచ్చింది. పాతవాటికి ఒక్కో తూటా పేలాక చేత్తో పిడి లాగాలి. దీనికి అక్కర్లేదు. ట్రిగ్గరు నొక్కితే తూటా పేలుతుంది, ఖాళీ డొప్ప దానంతట అదే బయటికి ఎగురుతుంది, తర్వాతి తూటా తనకు తానే ఎక్కుతుంది. అందుకే కాగితాల్లో దాని పేరు 'స్వయంపూరక తుపాకీ'. తాలూకా మొత్తానికి ఒకటే ఇచ్చారు (తాలూకాలో శత్రువులు ఎందరో ఇంకా తేలనందున ప్రస్తుతానికి ఒకటి చాలునని పై ఆఫీసు భావించింది). జూలైలో హిందూపురం మైదానంలో సూపరింటెండెంటుగారి ముందు దాన్ని కాల్చి చూపించాలి. అది సవ్యంగా జరిగితే, రిటైరయ్యేలోగా యల్లప్పకు జమేదారు పదవి ఖాయమని అందరూ అనుకున్నారు. ఆయన కూడా అనుకున్నాడు గానీ పైకి అనలేదు.

మొదటి రోజు కొండ కింద గురిపలక నిలబెట్టి కాల్చాడు. తూటా పేలింది. డొప్ప సగం బయటికి వచ్చి, గడపలో నిలబడ్డ కొత్తల్లుడిలా ఆగిపోయింది. దాన్ని చేత్తో పీకి రెండోది కాల్చాడు. అదే వరస. పదో తూటాకి కూడా తుపాకీ తన అభిప్రాయం మార్చుకోలేదు.

తూటాలన్నీ తీసేసి, సందులో వేలు పెట్టి చూసేసరికి యల్లప్పకు సంగతి తెలిసిపోయింది. తుప్పు పట్టకుండా తయారీలో లోపల పూసిన గ్రీజు దారి పొడవునా దుమ్ము తాగి తుమ్మబంకలా గట్టిపడింది. తుడిస్తే పోతుంది. తుడవాలంటే తెరవాలి. తెరిచే పిన్ను మీద లక్కతో సీలు వేసి ఉంది. తుపాకీతో పాటు వచ్చిన నిబంధనల పుస్తకం పదకొండో పేజీలో ఇలా ఉంది: "తుపాకీ సక్రమముగా పనిచేయుచున్నదని ధ్రువపడిన పిమ్మటనే సీలు తొలగింపవలెను."

యల్లప్ప ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివి, ఆఫీసు గుమాస్తా నారాయణస్వామికి చూపించాడు. నారాయణస్వామి ఒక్కసారే చదివి, చక్కటి వాక్యమని మెచ్చుకుని, పై ఆఫీసుకు ఉత్తరం రాయించాడు.

మూడు వారాలకు జవాబు వచ్చింది. తుపాకీకి స్వయంపూరకం అన్న పేరు ప్రభుత్వం పెట్టినదనీ, అది తనకు తానే పూరించుకోవడం లేదని రాయడం ప్రభుత్వ ఉత్తర్వును కాదనడమేననీ, దీనికి సంజాయిషీ ఇవ్వవలసిందనీ అందులో ఉంది. యల్లప్ప సంజాయిషీ ఇచ్చాడు. తర్వాతి జవాబులో, గ్రీజు గడ్డకట్టేంత ఎండ పెనుకొండలో ఉందా లేదా అన్న విషయమై తహశీల్దారు సర్టిఫికెట్ అడిగారు. (అది రావడానికి పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజులూ ఎండ తన వంతు సహకారం అందించింది.) అలా తొమ్మిది ఉత్తరాలు అటు పోయాయి.

తొమ్మిదో ఉత్తరానికి ఫలితంగా వీరభద్రయ్య అనే నిపుణుడు రైల్లో దిగాడు. ఆయనకు తుపాకీని పరిశీలించే అధికారం ఉంది, తాకే అధికారం లేదు. స్టూలు వేయించుకుని, రెండు గంటలసేపు దాని ఎదురుగా కూర్చుని, ఆపైన లేచి, చేతులు వెనక్కి కట్టుకుని నాలుగు పక్కల నుంచీ చూశాడు. కాఫీ తాగి, "చూసినంతసేపూ తుపాకీలో ఏ లోపమూ కనబడలేదు" అని రాసి సంతకం పెట్టి, సాయంత్రం బండికి వెళ్ళిపోయాడు.

ప్రదర్శన నాలుగు రోజుల్లోకి వచ్చింది. యల్లప్పకు అన్నం సహించడం మానేసింది. ఆయన భార్య నరసక్క ధర్మవరంలో మగ్గాల ఇంట పుట్టిన మనిషి. సంగతంతా ఆయన నోటే రాబట్టింది.

"కొత్త బిందె తెచ్చుకుంటే తోమకుండానే నీళ్ళు పడతామా?" అంది.

"సీలు ఉండాది నరసా."

"సీలు వాళ్ళది. రేపు ఆడ నిలబడి కాల్చేది నువ్వు. అంతమంది ముందర అది ఆగిపోతే సీలు వచ్చి తల దించుకుంటాదా?"

ఆదివారం పట్టపగలు, ఆయుధాల గది తలుపు తెరిచే పెట్టి, యల్లప్ప సీలు పగలగొట్టాడు. నరసక్క పాత చీర ముక్కతో, కిరసనాయిలుతో ఒక్కో భాగాన్నీ తుడిచాడు. మూడు నెలల్లో మొదటిసారి ఆయన చేతులు వాటికి తెలిసిన పని చేశాయి. తుడుస్తూ తనకు తెలియకుండానే ఏదో కూనిరాగం తీశాడు.

హిందూపురం మైదానంలో తుపాకీ ఇరవై తూటాలు కాల్చింది. ఇరవై డొప్పలూ ఎండలో మెరుస్తూ వరసగా ఎగిరిపడ్డాయి. చూడవచ్చిన పట్టుగూళ్ళ వ్యాపారులు చప్పట్లు కొట్టారు. యల్లప్ప తుపాకీ దించేసరికి కళ్ళు చెమ్మగిల్లి ఉన్నాయి. సూపరింటెండెంటుగారు భుజం తట్టి, తుపాకీ అందుకుని, అటూ ఇటూ తిప్పారు.

"సీలు ఏదయ్యా?"

"తీసేసినా సార్. లోపల గ్రీజు గడ్డకట్టుండె. తుడిస్తే బాగైంది."

సూపరింటెండెంటుగారు న్యాయం తెలిసిన మనిషి. యల్లప్పకు రెండు దారులు చూపించారు. తుపాకీ మొదటినుంచీ బాగానే ఉందంటే, తొమ్మిది ఉత్తరాలూ అబద్ధపు ఫిర్యాదులవుతాయి. బాగాలేదంటే, అనుమతి లేకుండా ప్రభుత్వ ఆయుధాన్ని బాగుచేసిన నేరమవుతుంది. ఏది కావాలో ఆయన్నే కోరుకోమన్నారు.

"బాగుచేసింది నేనే సార్," అన్నాడు యల్లప్ప. "అదే రాసుకోండి."

జమేదారు పదవి పోయింది. మిగిలిన ఎనిమిది నెలల సర్వీసుకు ఆయన్ను రొద్దం బదిలీ చేశారు. నిబంధనల ప్రకారం తుపాకీ లోపల మళ్ళీ గ్రీజు దట్టంగా పూసి, కొత్త సీలు వేసి, పెనుకొండ ఆయుధాల గదిలో పెట్టారు. ఆ గదికి కొత్తగా వచ్చిన పుల్లన్న, మొదటి రోజు కాల్చి చూసి, రొద్దం వెళ్ళే బస్సు డ్రైవరు చేత చీటీ పంపాడు. డొప్ప సగంలో ఆగిపోతోందనీ, ఏం చేయాలో చెప్పమనీ అడిగాడు.

యల్లప్ప ఆ చీటీ వెనకే జవాబు రాశాడు: "ముట్టుకోవద్దప్పా. ఉత్తరం రాయి. జవాబు వస్తే ఇంకోటి రాయి."

పుల్లన్న అలాగే రాస్తూ పోయాడు. రెండేళ్ళు తిరక్కముందే జమేదారయ్యాడు.