కెర్నల్‌ని చంపిందెవరు?

“ప్రపంచంలో నేరస్థులు రెండే రకాలు బావా. నాకు దొరికినవాళ్లు, నాకు దొరకబోయేవాళ్లు!”

మా బావమరిది ఈ మాట అన్నప్పుడు తువ్వాలు చుట్టుకుని, కళ్లజోడు కనపడక, గోడకున్న క్యాలెండర్ని నేననుకుని దానికేసి వేలు చూపిస్తున్నాడు. మొదటి రకంలో ఇంతవరకూ ఒక్కడూ లేడు గనక మానవజాతి మొత్తం రెండో రకంలోనే ఉందని నేను వెనకనుంచి గుర్తుచేశాను.

“అదేగా చెప్తున్నా. ఎవడూ తప్పించుకోలేడు,” అన్నాడు క్యాలెండర్‌తో.

అతను తనకు తాను ఇచ్చుకున్న బిరుదు డేగకన్ను. గది తలుపుకి బోర్డు కూడా పెట్టాడు: ‘డేగకన్ను, అపరాధ పరిశోధకుడు. లోపలికి వచ్చేముందు నేరం ఒప్పుకోవలెను.’ మా ఆవిడ తమ్ముడి మాసిన బట్టలు తీసుకెళ్లాలన్నా గుమ్మం దగ్గర ఆగి, “ఒప్పుకున్నాన్రా, చొక్కా ఇటు పడెయ్,” అనాల్సి వస్తోంది. కిందింటావిడ గొడుగు పోతే మేడ మీద కాపు కాశాడు. వాన మొదలవగానే ఆ గొడుగే వేసుకుని కిందికి దిగాడు. అదే ఇప్పటివరకూ అతను ఛేదించిన ఏకైక కేసు.

ఇక నా ఉద్యోగం. ఆసుపత్రుల్లో మంచం పక్కన రోగి గుండె లయ చూపించే మానిటర్లుంటాయి చూశారూ, వాటికి ఆపరేటింగ్ సిస్టమ్ రాసే కంపెనీలో పనిచేస్తాను. ఆ సిస్టమ్‌కి నడిబొడ్డున ఉండే ప్రోగ్రామును కెర్నల్ అంటారు. మెమరీలో ఎవరికెంత చోటివ్వాలి, ఎవరి వంతు ఎప్పుడు, అన్నీ తేల్చే ఇంటిపెద్ద అది. అది కుప్పకూలితే పెట్టె మొత్తం నల్లబడిపోతుంది. మా ల్యాబులో ఉన్న పెట్టె సరిగ్గా అలాగే ఉండుండి నల్లబడుతోంది. ఎందుకో తెలియదు. మేం కళ్లప్పగించి చూస్తున్నంతసేపూ బుద్ధిగా ఉంటుంది, మేం అటు వెళ్లగానే పోతుంది. మర్నాడే దాంతోపాటు మిగతా పెట్టెలన్నీ ఆసుపత్రికి వెళ్లాలి.

ఆ ఉదయం మా హెడ్ మేడమ్ ఫోన్ చేస్తే, హాల్లో నిలబడి ఇలా అన్నాను:

“అవును మేడమ్, కెర్నల్ మళ్లీ పోయింది. ముందు పానిక్ అయింది, ఆ తర్వాత అంతా అయిపోయింది... లేదండీ, చైల్డ్‌ని చంపి చూశాను, లాభం లేకపోయింది. పేరెంట్‌ని కూడా చంపేశాను... డంప్ నా దగ్గరే ఉంది, ఎవరికీ చూపించలేదు. నాకైతే ఓవర్‌ఫ్లో అనిపిస్తోంది. ఆసుపత్రికి తెలిసేలోపు మనమే తేల్చేద్దాం.”

కెర్నల్ చేతులెత్తెయ్యడాన్ని పానిక్ అంటారు, ఒక ప్రోగ్రామ్ నుంచి పుట్టిన ప్రోగ్రామ్‌ని చైల్డ్ అంటారు, పుట్టించినదాన్ని పేరెంట్ అంటారు, ఆపెయ్యడాన్ని చంపడం అంటారు, కూలినప్పుడు మెమరీలో ఏముందో తీసిపెట్టుకునే నకలుని డంప్ అంటారు. మా వృత్తిలో మేం ఇలాగే మాట్లాడుకుంటాం. ఇంట్లో డిటెక్టివ్ ఉన్నప్పుడు మాట్లాడకూడదు.

డేగకన్ను వంటింట్లోకి పరిగెత్తాడు. తర్వాత మా ఆవిడ చెబితే తెలిసింది ఇదంతా.

“అక్కా! గుండె రాయి చేసుకో. బావ ఒక కల్నల్‌ని చంపేశాడు.”

“ఏ కల్నల్‌ని?”

“ఆడ కల్నల్‌. ‘పోయింది’ అన్నాడు, ‘పోయాడు’ అన్లేదు. ఒక్క క్రియాపదంతో హతురాలు ఆడో మగో పట్టేశాను చూశావా! నీళ్ల తొట్టిలో ముంచేశాడు, అందుకే ఓవర్‌ఫ్లో అయింది. ఒక పిల్లనీ, ఆ పిల్లని కన్నవాళ్లనీ కూడా వదల్లేదు!”

“మీ బావగారు బొద్దింకని చూస్తే కుర్చీ ఎక్కి నన్ను పిలుస్తారు.”

“అదే ఆయన తెలివి. బొద్దింకల ముందు నటన, కల్నళ్ల ముందు నిజస్వరూపం!”

“సరే, వస్తూ వస్తూ ఉల్లిపాయలు తీసుకురా,” అంది మా ఆవిడ.

నేను స్కూటర్ తీసి వీధి మలుపు తిరిగేసరికి ఒక ముసలాయన చెయ్యి అడ్డంపెట్టాడు. తెల్లమీసం, దాని కింద కొద్దిగా తొంగిచూస్తున్న నల్లమీసం, నా పాత కోటు.

“బాబూ, మీ ఆఫీసుదాకా దింపుతావా?”

“నా ఆఫీసెక్కడో మీకెలా తెలుసండీ?”

“ముసలితనం బాబూ, అన్నీ తెలిసిపోతాయి.”

కళ్లజోడు కాడకి కట్టిన ఆ ఎర్ర దారం మా ఆవిడ కట్టిందే. వెనక ఎక్కమన్నాను. డేగకన్ను నా స్కూటర్ వెనకే కూర్చుని నన్ను రహస్యంగా వెంబడించాడు. దారి పొడుగునా నా వీపు మీద వేలితో ఏదో కొలుస్తూనే ఉన్నాడు. హంతకుడి భుజాల వెడల్పట. ఆఫీసు ముందు బండి ఆపేసరికి గాలికి తెల్లమీసం ఊడి నా హెల్మెట్‌కి అతుక్కుంది.

“ఆట కట్టు బావా!” అని గర్జించాడు. “మర్యాదగా చెప్పు. శవాన్ని ఎక్కడ డంప్ చేశావ్?”

ఆ మాట విని కాపలాదారు వచ్చాడు. అతని వెనక మా హెడ్ మేడమ్ వచ్చింది. నిద్రలేక ఆవిడ కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“ఎవరీయన?”

“మా బావమరిదండీ,” అన్నాను, నేలకేసి చూస్తూ.

“మీరేనా ఆ మేడమ్!” డేగకన్ను ఒకడుగు ముందుకేశాడు. “ఫోన్లో ఆజ్ఞలిచ్చే అదృశ్య హస్తం! ముఠా నాయకురాలు!”

మేడమ్ నాకేసి చూసింది. నాకు ఉద్యోగం పోయినట్టే అనిపించింది. కెర్నల్ అంటే కల్నల్ కాదనీ, ఎవరూ చావలేదనీ ఆయాసపడుతూ వివరించాను. వింటున్నకొద్దీ డేగకన్ను మొహం వాడిపోయింది. అంతలోనే వెలిగింది.

“అంటే హత్య కాదు, వరస హత్యాయత్నాలు! పడిపోతోంది, లేస్తోంది, మళ్లీ ఎవరో పడగొడుతున్నారు. మేడమ్, ఈ కేసు నేను తీసుకున్నాను.”

“పంపించెయ్యండి,” అంది మేడమ్ నాతో. అంతలో నుదురు రుద్దుకుని, “పోనీ ఉండనివ్వండి. మనకి మాత్రం ఏం అంతుబట్టింది గనక. ఈ పూట తేలకపోతే ఆసుపత్రికి ఫోన్ చేసి, మా పెట్టెల్ని నమ్మకండి అని నేనే చెప్పాలి. అప్పుడు మనందరం రోడ్డు మీదే కదా,” అంది.

ఆవిడ అలా తగ్గి మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. నాకు భయం వేసింది. ఉద్యోగం గురించే కాదు. వార్డులో ఎవరి తల దగ్గరో ఆ పెట్టె నల్లబడితే నర్సు ఏమనుకుంటుంది, రోగి ఇంటివాళ్లు ఏమనుకుంటారు అన్న ఆలోచన నన్ను వదల్లేదు.

ల్యాబులో డేగకన్ను భూతద్దం తీశాడు. ముందు ఏసీని ప్రశ్నించాడు. తర్వాత కిటికీ తెర వెనక చూశాడు. అక్కడ ఎవరూ లేకపోవడం అనుమానాస్పదంగా ఉందన్నాడు.

“ఈ ఓవర్‌ఫ్లో అనేవాడు చూడ్డానికెలా ఉంటాడు?”

“వాడు మనిషి కాదురా. స్కూటర్ మీటరు ఉంటుంది కదా. అన్నీ తొమ్మిదులయ్యాక ఇంకొంచెం నడిపితే?”

“సున్నాలొస్తాయి. బండి కొత్తదైపోతుంది. అమ్మెయ్యొచ్చు.”

“కంప్యూటర్లో అంకెకీ అలాగే ఒక హద్దుంటుంది. గుణించినప్పుడు ఆ హద్దు దాటితే మళ్లీ మొదట్నుంచి తిరిగి, చాలా పెద్ద లెక్క కాస్తా బుల్లి లెక్కయిపోతుంది. కెర్నల్ ఆ బుల్లి లెక్క నమ్మి బుల్లి చోటిస్తుంది. వచ్చే సరుకేమో గోడౌనంత. అది పక్కవాళ్ల చోట్లోకి పొంగిపోతుంది. అంతా తలకిందులు.”

“అంటే పెళ్లికి ఊరంతా వస్తుంటే, ఒక్క చాప వేసి కూర్చోమన్నట్టు?”

నేను నోరు తెరిచాను. అతని నోటినుంచి అర్థవంతమైన మాట రావడం అదే మొదలు.

“అయితే హంతకుడు చాపలమ్మేవాడు!” అని అతను వెంటనే సర్దుకున్నాడు.

“ఆ గుణకారం ఎక్కడుందో తెలియకే చస్తున్నాం. కొన్ని లక్షల లైన్లున్నాయి. ఏం నొక్కితే పోతోందో తెలిస్తే చాలు.”

“వేలిముద్రలు!” అని అరిచాడు డేగకన్ను.

ఆపేలోపే కోటు జేబులోంచి మా ఆవిడ పౌడరు డబ్బా తీసి మానిటర్ కింద ఉన్న మీటల మీద కుమ్మరించాడు. తెల్లటి మేఘం లేచింది. మేడమ్ దగ్గింది, నేను తుమ్మాను, డేగకన్ను కళ్లజోడు తెల్లబడి గోడని గుద్దుకున్నాడు.

“అయ్యో! రేపు ఆసుపత్రికి వెళ్లాల్సిన పెట్టె!” అని మేడమ్ కేక పెట్టింది. “తుడవండి! ముందు తుడవండి దాన్ని!”

డేగకన్ను కంగారుగా చేతిరుమాలు తీసి మీటలని అటూ ఇటూ పరపరా రుద్దాడు.

తెర మీద పరీక్ష కోసం పెట్టిన ఉత్తుత్తి గుండె లయ పచ్చగీతై పరుగెత్తుతోంది. అది ఆగింది. వణికింది. పెట్టె నల్లబడింది.

పౌడరు మెల్లగా నేల మీదికి దిగుతోంది.

“నేను కాదు,” అన్నాడు డేగకన్ను, రుమాలు వెనక దాచుకుంటూ.

“ఇటివ్వండి!” మేడమ్ ఆ రుమాలు లాక్కుంది. “అలాగేనా తుడవడం? బలంగా నొక్కకూడదు. నేను వచ్చినప్పుడల్లా దీన్ని ఎంత సుతారంగా తుడుస్తాను! దుమ్ము కనబడితే నా ప్రాణం ఒప్పుకోదు, అందరూ వెళ్లాక, ఇంటికి వెళ్తూ వెళ్తూ చివరగా ఒకసారి...”

“మేడమ్,” అన్నాను. “ఆ మాట మళ్లీ అనండి.”

రుమాలు పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

పెట్టెని మళ్లీ లేపాం. నేను వైరు తగిలించి, ఏ మీట నొక్కితే ఏ అంకె లోపలికి వెళ్తోందో నా తెర మీద చూస్తూ కూర్చున్నాను. మేడమ్ సుతారంగా తుడిచింది. ఏమీ కాలేదు. మళ్లీ తుడిచింది. ఏమీ కాలేదు. మళ్లీ తుడిచేసరికి పెట్టె ఠపీమని పడిపోయింది.

ఇంకేముంది! పాత గుండె లయలు ఎన్ని దాచాలో నర్సు చెప్పడానికి అక్కడొక గడి ఉంది. బట్ట రాసుకుని మీటలన్నీ నొక్కుకుంటే అందులో నోరు తిరగనంత సంఖ్య పడుతోంది. చివర్లో ‘సరే’ మీట కూడా బట్టకే తగిలి, అది కెర్నల్‌కి చేరుతోంది. కెర్నల్ దాన్ని ఒక్కో రికార్డుకి కావలసిన చోటుతో గుణిస్తోంది. ఎక్కువసార్లు, అంత చోటు లేదని మామూలుగానే నిరాకరిస్తోంది. అంకెల వరస కుదిరినప్పుడు మాత్రం లెక్క హద్దు దాటి తిరిగొచ్చి బుల్లిదవుతోంది. ఊరంతటికీ ఒకటే చాప. అందుకే ఒకసారి పోయి, ఒకసారి పోక, మమ్మల్ని ఏడిపించింది. ఆసుపత్రిలో అయితే పూటపూటా తుడుస్తారు.

ఆ గుణకారం ఉన్న లైను దొరికింది.

“ఎవరు రాశారో ఇది!” అన్నాను.

“అదిప్పుడెందుకు,” అంది మేడమ్ తొందరగా. “సరిచెయ్యండి.”

గుణించాక చూస్తే లాభం లేదు. అప్పటికే అబద్ధం తయారైపోతుంది. అందుకని గుణించకముందే భాగించి చూసేలా రాశాను: హద్దుని రికార్డు సైజుతో భాగిస్తే వచ్చేదానికన్నా అడిగిన సంఖ్య పెద్దదైతే, కెర్నల్ చోటివ్వకుండా కుదరదని చెప్పెయ్యాలి. కెర్నల్లో ఇలా గుణించి చోటడిగే లైన్లు ఇంకెన్ని ఉన్నాయో వెతికి, వాటన్నిటికీ అదే కాపలా పెట్టాం. గడిలో అన్ని అంకెలు పట్టకుండా కూడా చేశాం.

ఆ తర్వాత ఆఫీసులో ఉన్నవాళ్లందరం వరసలో నిలబడి ఆ పెట్టెని తుడిచాం. కాపలాదారు మోచేత్తో తుడిచాడు. మేడమ్ రెండు చేతులతో కసిగా రుద్దింది. తెర మీద ‘ఇంత సంఖ్య కుదరదు’ అని వస్తోందే తప్ప పచ్చగీత మాత్రం ఆగలేదు. మేడమ్ కుర్చీలో కూలబడి, చాలాసేపు ఆ గీతనే చూస్తూ నవ్వింది.

“వేలిముద్రల శాస్త్రం ఎప్పుడూ మోసం చెయ్యదు,” అన్నాడు డేగకన్ను కోటు దులుపుకుంటూ. ఎదురుగా ఉన్నవాళ్లందరి మీదా పౌడరు పడింది.

పెట్టెలు ఆసుపత్రికి వెళ్లాయి. వార్డుల్లో పూటపూటా వాటిని తుడుస్తున్నారు, ఒక్కటీ నల్లబడలేదు. మేడమ్ డేగకన్నుకి కబురు పంపింది. బుద్ధున్నవాళ్లెవరూ నొక్కని మీటలు నొక్కేవాడు ఒకడు కంపెనీకి అవసరమట. జీతం ఎంతో అడక్కుండా, తన బల్ల మీద ‘ముఖ్య అపరాధ పరిశోధకుడు’ అని రాసిపెడితే వస్తానన్నాడు. రాసిపెట్టారు.

చేరిన మొదటిరోజు మధ్యాహ్నం నాకు అతని ఫోనొచ్చింది. గొంతు గుసగుసగా ఉంది.

“బావా, లిఫ్టు మధ్యలో ఆగిపోయింది. ఎవరో మీటలన్నీ ఒకేసారి నొక్కేశారు. పక్కా పథకం.”

“భయపడకు, మనుషుల్ని పంపిస్తున్నా. లోపల ఎవరెవరున్నారు?”

“నేనొక్కణ్ణే,” అని, గొంతు ఇంకా తగ్గించాడు. “మెల్లగా మాట్లాడు బావా. నేరస్థుడు బయటికి పోయే దారే లేదు, ఇక్కడే ఉన్నాడు.”