నడుం పట్టేసిందా? అభినందనలు!

సైబరాబాద్‌లో యోగా చేసి నడుం పట్టేయించుకోవడాన్ని మించిన భాగ్యం ఇంకొకటి లేదు! నవ్వకండి. నేను మా ఆఫీసుకి వెల్‌నెస్ ఛాంపియన్‌ని, అదీ లెవెల్ టూ. బాధ్యత గల హోదాలో ఉండే చెబుతున్నాను.

ఒక్కసారి మీ చుట్టూ చూడండి. ఒళ్ళు సవ్యంగా ఉన్న మనిషిని ఈ రోజుల్లో ఎవరు పలకరిస్తున్నారు? మా యశ్వంత్‌నే తీసుకోండి. మూడేళ్ళుగా మా టీములో టెస్టింగ్ చేస్తున్నా లిఫ్టులో ఒక్కరూ తల తిప్పి చూసేవారు కాదు. మొన్న బీపీ మాత్ర వేసుకుని మరీ శీర్షాసనం వేశాడు. మెడకి కాలర్ వచ్చింది. ఇప్పుడు పదకొండో అంతస్తు దాకా పరామర్శలే! డైరెక్టరు గారు స్వయంగా ఆగి, "ఏ ఆసనం?" అని అడిగారు. పాపం, యశ్వంత్ తల ఊపలేకపోయాడు కానీ పొంగిపోయాడు.

రసజ్ఞ అదృష్టం ఇంకా గొప్పది. అంతకు ముందు ఒక్క సూర్య నమస్కారం కూడా చేసి ఎరగని పిల్ల, ఛాలెంజ్ అన్నాం కదా అని టైల్స్ మీద ఏకబిగిన నూట ఎనిమిది చేసింది. మణికట్టు గుమ్మడికాయలా వాచింది. తెల్లాపూర్ నుంచి రోజూ ట్రాఫిక్‌లో పడి రావడం తప్పి రెండు వారాలు వర్క్ ఫ్రమ్ హోమ్ దొరికింది. మౌస్ ఎడమ చేత్తో పట్టుకోవడం కూడా నేర్చుకుంది. దీన్ని స్కిల్ అప్‌గ్రేడ్ అనక ఏమంటారు?

అయితే ఇంతటి భాగ్యం ఊరికే రాదు. చెప్పేవాడు సరైనవాడు దొరకాలి. మాకు మొదట్లో ఆ యోగం లేకపోయింది.

అప్పట్లో వసంత గారని ఒకావిడ వచ్చేవారు. పాతికేళ్ళుగా యోగా నేర్పుతున్నారట. అంత అనుభవం ఉండి ఆవిడ చేసేదేమిటో తెలుసా? క్లాసు మొదలవగానే ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, "ఎక్కడైనా నొప్పి ఉందా? ఆపరేషన్ ఏమైనా అయిందా? టిఫిన్ తిని ఎంతసేపయింది?" అని అడగడం! గంట క్లాసులో ఇరవై నిమిషాలు ఈ ఆరాలకే సరి. మేమేమైనా పెళ్ళి చూపులకి కూర్చున్నామా?

ఆ తర్వాతైనా ఏదైనా ఘనంగా చేయించేవారా అంటే, అదీ లేదు. "మోకాళ్ళు కొంచెం వంచుకోండి, పర్వాలేదు. ఊపిరి బిగబట్టకండి. నొప్పి వస్తే ఆగిపోండి. పక్కవాళ్ళని చూసి పోటీ పడకండి." పోటీ పడవద్దట! హైటెక్ సిటీకి వచ్చి చెప్పే మాటేనా ఇది? పోటీ లేకపోతే మాకు నిద్రే లేవబుద్ధి కాదే! పైగా చివర్లో పది నిమిషాలు శవాసనం. టీమంతా హాజరవ్వాల్సిన స్టాండప్ కాల్ పెట్టుకుని శవంలా పడుకునే తీరిక ఎవరికుంది?

మా దగ్గర క్యాబ్ డ్రైవర్ నుంచి క్యాంటీన్ ఇడ్లీ దాకా అన్నిటికీ స్టార్లు ఇస్తాం. వసంత గారికీ ఇచ్చాం. సగటున రెండు స్టార్లు వచ్చాయి. ఒక్క ఫొటోలో కూడా మేం వంకరగా కనిపించలేదన్నది ప్రధాన ఆరోపణ. ఆవిడ చాప చుట్టుకుని వెళ్ళిపోయారు.

ఆ ఖాళీలోకి నేను వచ్చాను. అర్హత లేకుండా వచ్చానని అనుకోకండి. రెండు వీకెండ్లు కూర్చుని ఆన్‌లైన్‌లో టీచర్ ట్రైనింగ్ పూర్తి చేశాను. వీడియోలన్నీ రెట్టింపు వేగంతో చూశాను. 'జాగ్రత్తలు' అని ఒక చాప్టర్ ఉంది కానీ, దాని మీద క్విజ్ లేదు. క్విజ్ లేని చాప్టర్ ఎవరైనా చూస్తారా? స్కిప్ నొక్కాను. సర్టిఫికెట్ అదే రోజు వచ్చింది.

నా పద్ధతి సూటిగా ఉంటుంది. వంగని నడుముని నొక్కితే వంగుతుంది. "అబ్బా" అన్నారంటే బిగుసుకున్న కండరం వదులుతోందన్నమాట. నాలుగు క్లాసులకే నా రేటింగ్ నాలుగున్నర దాటింది! కాలర్లూ, నీక్యాప్‌లూ, బెల్టులతో మా ఫ్లోరు కళకళలాడిపోయింది.

ఇక మా యోగా దినోత్సవం గురించి చెప్పాలి. నూట ఎనిమిది చాపల మీద నూట ఎనిమిది మంది ఉన్న ఫొటో హెడ్డాఫీసుకి పంపాలి. ఉదయం ఎనిమిదింటికి లెక్క చూస్తే అరవై ఒక్కరు. మిగతావాళ్ళంతా కాల్స్‌లో ఉన్నారు. ఖాళీ చాపల ఫొటో పంపితే పరువేం కావాలి?

మా ఫెసిలిటీస్ మేనేజరు గిరీష్ గట్టివాడు. పది నిమిషాల్లో హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ వాళ్ళందరినీ పోగుచేశాడు. యూనిఫాం మీదే కంపెనీ టీషర్టులు తొడిగించి వెనక వరసల్లో కూర్చోబెట్టాడు. అప్పటికే ఆరింటి నుంచి ఫ్లోర్లు తుడిచి వచ్చినవాళ్ళు వాళ్ళు. వార్మప్ అయిపోయినట్టే కదా!

పశ్చిమోత్తానాసనం వేయించాను. కాళ్ళు చాపి ముందుకు వంగి పాదాలు పట్టుకోవాలి. ఫొటోగ్రాఫర్ వెనక వరస దగ్గరికి వచ్చేసరికి ఒకావిడ సగంలోనే ఆగిపోయింది. మా ఫ్లోరు తుడిచే సాయమ్మ. ఫ్రేములో ఆవిడ ఒక్కతే నిటారుగా ఉంది. నేను వెళ్ళి నడుం మీద రెండు చేతులూ వేసి, "ఇంకొంచెం అమ్మా, ఇంకొంచెం" అంటూ నొక్కాను.

ఆవిడ "అబ్బా" అనలేదు. సారు నొక్కుతుంటే ఏమంటుంది? ఫొటో మాత్రం అద్భుతంగా వచ్చింది. పాల్గొన్న అందరికీ నా సంతకంతో సర్టిఫికెట్లు ఇచ్చాం, లామినేషన్ చేయించి మరీ.

పది రోజుల తర్వాత సాయమ్మ నా డెస్కు దగ్గరికి వచ్చింది. ఒక చెయ్యి నడుం మీద ఉంది, రెండో చేతిలో ఆ సర్టిఫికెట్.

"సారూ, గీ కాయితం మీద సంతకం మీదే గద?"

నాదేనన్నాను, కొంచెం గర్వంగానే.

"గిట్లనే ఇంకో కాయితం రాసిస్తరా? ఆ దినంసంది వంగొస్తలేదు. డెస్కుల కింద తుడవాలంటే పానం పోతున్నది. దవాఖానల నెల దినాలు వంగొద్దని చీటీ రాసిచ్చిండ్రు. ఆ చీటీ మా సూపర్‌వైజర్ మహేందర్‌కు చూపిస్తే, 'నువ్వు ఇంట్ల పడ్డవో, ఏడ పడ్డవో మాకేమెరుక? ఆఫీసుల అయిందని సార్లు ఎవరన్న రాసిస్తే ప్యాంట్రీల చాయ్ కాడ పెడత, లేకుంటే సోమవారంసంది వేరే మనిషిని తెచ్చుకుంట' అంటున్నడు."

నేను వెంటనే గిరీష్‌కి ఫోన్ చేశాను. "సార్, గాయం అన్న మాట మాత్రం రాయకండి. ఇన్సిడెంట్స్ జీరో అని రిపోర్టు పంపేశాం. కావాలంటే స్ట్రెచింగ్‌లో కొంచెం అసౌకర్యం అని రాయండి, సంతకం లేకుండా" అన్నాడు.

అసౌకర్యం! యశ్వంత్ మెడకి పరామర్శలు, రసజ్ఞ చేతికి వర్క్ ఫ్రమ్ హోమ్. ఫ్లోరు తుడిచే మనిషి వర్క్ ఫ్రమ్ హోమ్ ఎలా చేస్తుంది, చెప్పండి? నేను ఇంతసేపూ మీకు వర్ణించిన భాగ్యం ఖాజాగూడలో కిరాయి గదిలో ఉండే సాయమ్మ దాకా వచ్చేసరికి ఉద్యోగం పోవడంగా మారింది. నాకు సిగ్గేసింది.

కాగితం తీసుకుని రాశాను. 'యోగా దినోత్సవం నాడు ఈమె నడుముని బలవంతంగా నొక్కి గాయపరిచినవాణ్ణి నేనే. ఈమెకి వంగే పని ఇవ్వవద్దు.' కింద సంతకం పెట్టి, అలవాటుగా లెవెల్ టూ అని రాయబోయి ఆగిపోయాను.

"ఏం రాసిండ్రు సారూ?" అంది. చదివి వినిపించాను.

సాయమ్మ కాగితం మడిచి సర్టిఫికెట్ వెనకాల పెట్టుకుంది. ఆవిడ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"పోయినేడు నార్సింగి కాడ ఆటోలకెంచి పడ్డ సారూ. అప్పటిసంది నడుము జర గట్లనే ఉన్నది. నొప్పేమన్న ఉన్నదా అమ్మా అని ఒక్క మాట అడిగితే చెప్తుంటి గద."

ఆ ఒక్క మాట అడగడానికే వసంత గారు ఇరవై నిమిషాలు తీసుకునేవారు. 'టైం వేస్ట్' అని ఫీడ్‌బ్యాక్ ఫారంలో రాసింది నేనే.