యజమాని పేరు పాలిబే

ఆ బుధవారం ఎనెలెసి వేసుకున్న పథకం చాలా చిన్నది. తెల్లారగానే బడి ఆవరణకు వెళ్ళాలి, వరసలో ముందు నిలబడాలి, ఎరువుల అధికారిని కడిగెయ్యాలి, ఎండెక్కకముందే తిరిగొచ్చి చేలో బోదెలు కట్టుకోవాలి. తొలకరి ఇంకో వారంలో ఉంది. రెండు బస్తాల ఎరువు పడకపోతే ఆమె కౌలుకు చేసే ఎకరంలో మొక్కజొన్న మోకాలు దాటదు, పిల్లల కంచాల్లో జొన్నపిండి న్సిమా ముద్ద ఉండదు.

కడిగెయ్యడం ఎందుకంటే, మలావీ సర్కారు ఆ ఏడు ఎరువుల రాయితీని సంస్కరించింది. నిరుటిదాకా సాగు చేసేవాళ్ళకిచ్చిన చీటీ ఇక భూమి యజమానికట. ఎనెలెసి దున్నే చేనికి యజమాని రాజధాని లిలోంగ్వేలో పాత బట్టలమ్ముకునే పెద్దమనిషి, పార పట్టి తొమ్మిదేళ్ళయింది. పేరు పాలిబే. మా చిచేవాలో ఆ మాటకు 'ఎవరూ లేరు' అని అర్థం. ముందు పుట్టినవాళ్ళు దక్కకపోతే తెలుగువాళ్ళు పెంటయ్యని పెట్టుకున్నట్టే ఆయన తల్లీ పెట్టుకుంది.

ఆయన ముందురోజే ఫోన్ చేశాడు. "చీటీ నా పేరున రాయించు. బస్తాలు మినీబస్సెక్కించు. ఇక్కడ మంచి ధర పలుకుతోంది."

"మరి చేనికి?"

"చేనికి వాన ఉందిగా!"

ఆ మాటకు ఎనెలెసి రాత్రంతా తిట్లు కూడబెట్టుకుంది. తెల్లారి బడి ఆవరణలో కూర్చున్న అధికారి ఆ ప్రాంతానికి కొత్త. చేతిలో ట్యాబు, ఎదురుగా రెండు వందల మంది. తలెత్తకుండానే అడిగాడు. "యజమాని ఎవరు?"

ఎనెలెసి నడుం బిగించింది. "పాలిబే!"

"పాలిబే? సరే. సాగు ఎవరిది?"

"నాది! తొమ్మిదేళ్ళుగా నాది! కాదనమను, చూస్తా!"

"ఎవరు కాదన్నారమ్మా? ఇక్కడ వేలు పెట్టు. తర్వాతెవరు?"

తెచ్చుకున్న తిట్లన్నీ నోట్లోనే మిగిలిపోయాయి. దారిలో పక్క చేను కౌలుదారు నెడిసన్ ఆ చీటీ చదివి గట్టుమీద చతికిలబడి నవ్వాడు. అందులో 'యజమాని: ఎవరూ లేరు. రాయితీ: సాగుదారు ఎనెలెసికి' అని ఉంది.

"అక్కా, మా ఆసామీ ఊరొదిలి పదకొండేళ్ళు. రేపు నేనూ పాలిబే అంటా."

"అబద్ధం కాదట్రా?"

"ఉంటే పలకమను!"

గురువారం తలా ఒక ఎకరం చేసే నలభై ఇద్దరు కౌలుదార్లు వరసగా అదే జవాబు చెప్పారు. కొందరు ఆకాశం కేసి చేతులు చూపించి మరీ చెప్పారు. శుక్రవారం అధికారికి పైనుంచి ఫోన్ వచ్చింది. ఊరు ఊరంతా యజమాని లేని భూమేమిటని అక్షింతలు పడ్డాయి. అతను పరుగున ఊరిపెద్ద అయిన ముసలమ్మ దగ్గరకు వెళ్ళి, మా మర్యాద ప్రకారం చేతులు తట్టి దణ్ణం పెట్టి, జాబితాలో మొదటి పేరు చూపించాడు.

"అవ్వా, ఎనెలెసి చేనికి యజమాని ఎవరు?"

"పాలిబే."

"అదే, ఎలా లేకుండా పోయాడు?"

"పోవడమేంటి నాయనా, నిక్షేపంలా ఉన్నాడు."

"ఎవరు?"

"పాలిబే."

"లేనివాడు ఎలా ఉంటాడవ్వా?"

"లిలోంగ్వేలో ఉంటాడు. బట్టలమ్ముతాడు."

అధికారికి తల తిరిగి, ఆనక అర్థమైంది. తప్పు దిద్దుకునే కంగారులో ఒక్క నొక్కుతో మొత్తం జాబితా మార్చేశాడు. 'ఎవరూ లేరు' అన్న ప్రతిచోటా 'శ్రీ పాలిబే' వచ్చి కూర్చున్నాడు. మరుక్షణం లిలోంగ్వేలో పాత చొక్కాల గుట్ట వెనక ఒక ఫోన్ మోగింది. 'నలభై మూడెకరాల భూస్వామి గారికి రాయితీ వర్తించదు. ఎస్టేటు పన్ను నెలాఖరులోగా కట్టవలెను.'

శనివారం పొద్దున్నే పాలిబే మినీబస్సు దిగి, ఊరి సభలో గుండెలు బాదుకున్నాడు. "నాది ఒక్క ఎకరమే బాబూ!"

"ఒకటి ఉంచి మిగతావి తియ్యడం ఈ ట్యాబుకి రాదండీ. ఉంచితే అన్నీ, తీస్తే అన్నీ," అన్నాడు అధికారి.

"మీరైనా చెప్పండర్రా!"

ఎనెలెసి లేచింది. మూడు రోజులుగా నోట్లో నానుతున్నదంతా బయటికొచ్చింది. "ఏం చెప్పాలి? నడుములు విరిగేది మావి, బస్తాలు పట్నానికా? భూమి ఎవరిదన్నదే మీకు లెక్క గానీ, పార ఎవరు పట్టారన్నది మీ ట్యాబుకి పట్టదు! బస్తాలు మా పేర్న రాసేదాకా ఇక్కణ్ణుంచి కదలం. వానొచ్చినా కదలం!"

నలభై మూడు పారలు ఒక్కసారి నేలను తాకాయి. అధికారి ఆ పారల వంక చూశాడు. వాళ్ళమ్మా కౌలుకే చేసేది. ట్యాబు మెల్లగా పాలిబే ముందుకు జరిపాడు.

"భూమా? నాకా? నాకేం లేదు బాబూ, ఏమీ లేదు!" అంటూ పాలిబే వేలిముద్ర వేశాడు. యజమాని లేడని యజమానే ఒప్పుకున్నాక పైవాళ్ళు మాత్రం ఏం చేస్తారు? ఆ పూటే బస్తాలు సాగుదార్ల పేర్న దిగాయి.

ఎనెలెసి సైకిలుకి బస్తా కడుతుంటే పాలిబే పక్కకు చేరి గొంతు తగ్గించాడు. "సరేలే, అయిందేదో అయింది. ఈ ఏటి కౌలు మాటేమిటి?"

"ఎవరి భూమికి?" అంది ఎనెలెసి.

మినీబస్సు నిండితే గానీ కదలదు కాబట్టి, పాలిబే మూడు గంటలసేపు ఊరందరికీ కనబడేలా అందులో కూర్చున్నాడు.