ఇద్దరికే చోటున్న పడవ

పడవల గురించి తాతబాబుకి తెలిసింది ఒక్కటే, అవి నీళ్ల మీద ఉంటాయని. ఆ చదువుతోనే అతను వేటకి పడవ ఎంచడానికి సిద్ధమయ్యాడు.

అది పంతొమ్మిదివందల ఇరవయ్యారో సంవత్సరం, డిసెంబరు నెల. మలాయాలో కువాలా సెలంగోర్ దగ్గర ఏరు పొంగి, కొబ్బరి ఎస్టేటు చుట్టూ ఉన్న పల్లపు నేలంతా మునిగిపోయింది. లయాలు, అంటే కూలీల వరస ఇళ్లు, మెరక మీద ఉండబట్టి జనం బతికిపోయారు. అడవిపందులకి లయాలెవరు కడతారు? అవి దిబ్బల మీదికి చేరి, ఏమీ తోచక దొరగారి కొబ్బరిమొక్కలు ఒక్కొక్కటే పెళ్లగించి తినడం మొదలుపెట్టాయి.

దొరకి ఒళ్లు మండింది. మేస్త్రీగా ఉన్న తాతబాబుని పిలిచి, తుపాకీ ఒకటి, తూటాలు ఆరు చేతికిచ్చి, రెండు రోజుల్లో తిరిగి అప్పజెప్పమన్నాడు. కొట్టిన పంది కొట్టినవాడిదే అన్నాడు. రెండు వారాలుగా లయం మొత్తం ఎండుచేపా చింతపండు చారుతో కాలక్షేపం చేస్తోంది. ఆ మాట వినగానే తాతబాబు నోట్లో నీళ్లు ఏటికంటే ఎక్కువ పొంగాయి.

అయితే ఇంట్లో నూకమ్మ ఉంది.

నూకమ్మ భీమిలి రేవు పిల్ల. తండ్రి సముద్రం మీద వేటాడేవాడు. గరిటె పట్టడం కంటే ముందే ఆవిడ తెడ్డు పట్టింది. తాతబాబుదేమో మెట్టప్రాంతం. ఆ ఊళ్లో నీళ్లంటే బావిలో ఉండాలి, లేదంటే కుండలో ఉండాలి. కాళ్ల కింద ఉండటమేమిటో ఓడెక్కేదాకా అతనికి తెలీదు. ఈ ఇద్దరిలో పడవ సంగతి ఎవరిని అడగాలో లయంలో మేకలకి కూడా తెలుసు. తాతబాబుకీ తెలుసు. తెలుసు కాబట్టే అడగలేదు.

దానికి ఇంకో కారణం కూడా ఉంది. నూకమ్మ చెల్లెలు నర్సమ్మ ఏటికి ఎగువనున్న ఎస్టేటులో ఉంటుంది. ఆవిడకి ఆడపిల్ల పుట్టిందని ఆరు రోజుల కిందట అటుగా పోతున్న మలాయి పడవవాళ్లు కేకేసి చెప్పి పోయారు. బాలింతకి చెయ్యడానికి అక్కడ ఆడదిక్కు లేదు. నూకమ్మ ఆ పూటే శొంఠి, వెల్లుల్లి, వాము, పాత చీరలు మూటకట్టి గుమ్మం పక్కన పెట్టింది. రోజుకి రెండుసార్లు మూట వైపూ, రెండుసార్లు మొగుడి వైపూ చూస్తోంది.

పడవ వచ్చిందంటే ముందు ఆ మూట ఎక్కుతుంది, దాని వెనక నూకమ్మ ఎక్కుతుంది, దొరగారి రెండు రోజులూ మరదలి గుమ్మంలో గడిచిపోతాయి. తాతబాబు బాగా ఆలోచించాడు. నూకమ్మ పట్టని పడవ తెస్తే సరి.

"మావా, పడవ తెస్తన్నావట," అంది నూకమ్మ ఆ సాయంత్రం.

"దొరగారి పనే. వేటకి."

"పోతా పోతా నన్ను నర్సమ్మకాడ దింపీ."

"దింపుదునే, సోటుండొద్దా? వేట పడవ అది. సిన్నది."

"ఎంత సిన్నదేటి?"

నువ్వు పట్టనంత అనబోయి, తాతబాబు నాలిక కరుచుకున్నాడు. "ఇద్దరు పట్టీటంత. నానూ, సన్యాసీ," అన్నాడు.

నూకమ్మ ఇంకేమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోతే జాగ్రత్తపడాలని పన్నెండేళ్ల కాపురంలో అతను నేర్చుకునే ఉన్నాడు. పంది మాంసం ధ్యాసలో ఆ సంగతి మరిచిపోయాడు.

తెల్లారగానే తాతబాబు, సన్యాసి కలిసి పాక్ దీన్ దగ్గరికి వెళ్లారు. పాక్ దీన్ ఏటి ఒడ్డునుండే మలాయి పెద్దాయన. పడవలు అద్దెకిస్తాడు. ఇక నూకమ్మకి తమ్ముడి వరసయ్యే సన్యాసి పేరుకే సన్యాసి. తిండి దగ్గర మాత్రం నలుగురు సంసారుల పెట్టు. అతను కూర్చున్న బల్ల అతను లేచాక కూడా కాసేపు మూలుగుతూ ఉంటుంది.

ఒడ్డున రెండు పడవలున్నాయి. ఒకటి కొబ్బరికాయలు మోసే వెడల్పాటి సంపాను, అడుగు బల్లపరుపుగా, తీరిగ్గా పడుకున్న గేదెలా ఉంది. రెండోది చిక్కుడుకాయంత సన్నంగా, అటూ ఇటూ ఊగుతూ ఉంది. తాతబాబు సంతలో ఎద్దుని బేరమాడేవాడిలా ఆ సన్నదాని చుట్టూ తిరిగాడు. పక్కలు తట్టాడు. కొసన వంగి చూశాడు, పళ్లు లెక్కపెడతాడేమో అన్నట్టు. ఇదే కావాలన్నాడు.

అది గేలం వేసుకునే బక్కపలచటి మనిషి ఒక్కడికోసం చేసిన పడవనీ, తుపాకీ పేల్చేవాళ్లకి పెద్దదే నయమనీ పాక్ దీన్ మర్యాదగా చెప్పాడు. చెబుతున్నంతసేపూ సన్యాసి బొజ్జ వైపే చూశాడు. పెద్దది వేటకి పనికిరాదని తాతబాబు ఆయనకి బోధించాడు. సన్యాసికి మాత్రం అనుమానంగానే ఉంది.

"బావా, ఇది పడిపోదు గదా?"

"పడవు గనకే ఈటిని పడవలన్నారు," అన్నాడు తాతబాబు.

ఇంత చదువుకున్నవాడితో వేటకి వెళుతున్నందుకు సంతోషించి సన్యాసి ఎక్కి కూర్చున్నాడు. పడవ అంచుకీ నీళ్లకీ మధ్య బెత్తెడు మిగిలింది.

పడవని నేరుగా నడపడం చేతికి రావడానికి వాళ్లకి గంట పట్టింది. అంతవరకూ పడవ గుండ్రంగా తిరుగుతూనే ఉంది. మునిగిన కొబ్బరితోటలోకి, అక్కణ్ణించి అడవి అంచున నిలవనీటిలోకి చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. ఎదురుగా ఒక దిబ్బ, దిబ్బ మీద అడవి పనసచెట్టు, చెట్టు కింద పంది. గున్న ఏనుగంత ఉందని తరవాత సన్యాసి చెప్పుకున్నాడు గానీ, పెద్ద పందే. దాని వెనక ఆడపందీ, ఏడు పిల్లలూ ఉన్నాయి.

తాతబాబు లేచి నిలబడ్డాడు. పడవలో నిలబడకూడదని అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పగలిగే మనిషిని ఇంట్లో వదిలేసి వచ్చాడు కదా. గురిచూసి పేల్చాడు. తుపాకీ వెనక్కి తన్నింది, తాతబాబు సన్యాసి మీద పడ్డాడు, సన్యాసి పడవ అంచు మీద పడ్డాడు, పడవ తన దారిన తాను బోర్లాపడింది.

మెడలోతు నీళ్లలోంచి ముందు తుపాకీ పైకి వచ్చింది, దాన్ని పట్టుకున్న చెయ్యి వచ్చింది, చెయ్యి వెనక తాతబాబు వచ్చాడు, ఆఖరికి సన్యాసి తల వచ్చింది.

"బావా, పడిందేటి?" అన్నాడు.

పడవ తేలుకుంటూ పోయి తుప్పల్లో ఆగింది. తూటాలన్నీ తడిసిపోయాయి. వేరే దిక్కులేక ఇద్దరూ దిబ్బెక్కారు. దిబ్బ తనదే అన్నట్టు పెద్ద పంది ఒక్కసారి గుర్రుమంది. మరుక్షణం వాళ్లు చెట్టు మీద ఉన్నారు. సన్యాసి అంత ఎత్తు ఎలా ఎక్కాడో ఇప్పటికీ ఎవరూ చెప్పలేరు. తాతబాబు పేల్చిన గుండు వృథా కాలేదు. పనసకాయ ఒకటి తొడిమ తెగి కింద పడి ఉంది. పంది పిల్లలు దాని చుట్టూ చేరాయి.

పొద్దు నడినెత్తికొచ్చింది. జలగలు కాళ్లకి పట్టాయి. ఈ అవస్థలో కనిపిస్తే లయంలో తలెత్తుకు తిరగగలనా అని తాతబాబుకి బెంగ పట్టుకుంది. ఎవరైనా రావాలి, కానీ తెలిసినవాళ్లు రాకూడదని దేవుణ్ణి కోరుకున్నాడు.

దేవుడు సగమే విన్నాడు. మలుపులోంచి, పొద్దున తాను వద్దన్న వెడల్పాటి సంపానే మెల్లగా వచ్చింది. వెనక కొసన నిలబడి, చీర కుచ్చిళ్లు ఎగదోపి, గెడ వేస్తూ నూకమ్మ. ఆవిడ ముందు మూట.

ఆవిడ గెడ నిలిపి చెట్టు పైకి చూసింది.

"వేట ఎందాకా వొచ్చింది మావా?"

"సూస్తన్నాం," అన్నాడు తాతబాబు.

"ఎవులు ఎవుల్ని?"

సన్యాసి ఏడుపు గొంతుతో, అప్పా, ముందు మమ్మల్ని దించమన్నాడు. నూకమ్మ తొందరపడలేదు. తాను నర్సమ్మ దగ్గరికి పోతున్నాననీ, వాళ్లని వెతుక్కుంటూ రాలేదనీ, ఇంటికి పోవాలంటే సాయంత్రం తిరిగొచ్చేదాకా చెట్టు మీదే ఉండొచ్చనీ, ఇప్పుడే దిగాలంటే పడవ ఎగువకే పోతుందనీ నింపాదిగా చెప్పింది. తాతబాబు పంది వైపు చూశాడు, నూకమ్మ వైపు చూశాడు. మరదలిని చూసి చాలా రోజులైందన్నాడు.

నూకమ్మ గెడతో నీళ్ల మీద నాలుగుసార్లు గట్టిగా చరిచింది. పంది కుటుంబం దిబ్బ అవతలికి దిగిపోయింది. తరవాత తుప్పల్లోని చిక్కుడుకాయ పడవని లాగి, నీళ్లు గుమ్మరించి, తన పడవ వెనక కట్టింది. ఉత్త చేతుల్తో పోవడమెందుకని తాతబాబు పనసకాయ పడవలో పెట్టబోయాడు.

"బాలింతకి పనస ఎట్టకూడదు," అంది నూకమ్మ. అతను దాన్ని నీళ్లలోకి వదిలేశాడు.

ఎగువ ఎస్టేటుకి చేరేసరికి లయంలోంచి కమ్మటి వాసన వస్తోంది. నర్సమ్మ మొగుడు కూర్మయ్య ఎదురొచ్చి సంగతి చెప్పాడు. పొద్దున ఒక పంది వరదలో ఈదుకుంటూ సరాసరి వాళ్ల వాకిట్లోకే వచ్చిందట. లయంవాళ్లు దుడ్డుకర్రలతో దాన్ని అక్కడే పడగొట్టారట. ఇంటింటికీ వంతులేసుకుని వండుతున్నారట. సన్యాసి మాట మధ్యలోనే వాసన వచ్చే వైపు వెళ్లిపోయాడు.

తడిసి ముద్దై, మోకాళ్ల దాకా బురదతో, జలగలు పట్టిన చోట రక్తం కారుతూ గుమ్మంలో నిలబడ్డ బావని చూడగానే నర్సమ్మకి కళ్లనీళ్లు తిరిగాయి. మంచం మీద లేచి కూర్చుంది.

"నాకోసం ఇంత వరదలో పడి వొచ్చినావా బావా?"

 నర్సమ్మ ఎంత చిక్కిపోయిందో తాతబాబు అప్పుడు చూశాడు. గుమ్మం పక్కనే ఉన్న మూటని ఆరు రోజులు దాటుకుంటూ తిరిగానే అని మొట్టమొదటిసారి సిగ్గేసింది. ఇప్పుడు నూకమ్మ ఒక్క మాట చెబితే చాలు, తన పని అయిపోతుంది.

నూకమ్మ మూట విప్పి శొంఠి తీస్తూ, మొగుడి వైపు చూడకుండా చెప్పింది. "పోరు పడలేకపోనాననుకో. మరదలికి సెయ్యడానికి ఎవులూ లేరు, నాను కూడా వొస్తానని ఒకటే గోల."

తాతబాబు ప్రాణం లేచొచ్చింది. ఇలాంటి పెళ్లాం ఈ మలాయా మొత్తంలో ఇంకెవరికి ఉంటుందని పొంగిపోతూ, నర్సమ్మ అందించిన పసిదాన్ని ఒళ్లోకి తీసుకున్నాడు. అది అతని వేలు పట్టుకుంది.

"నీళ్లు తీసీదాకా రోజు ఇడిసి రోజు నన్ను తీసుకొస్తానన్నాడు," అంది నూకమ్మ, శొంఠి నలగ్గొడుతూ. "గెడ కూడా తనే ఏస్తాడట. పాక్ దీన్‌తో నాను మాటాడీసినాను, పెద్ద పడవే."

ఎప్పుడన్నాడో అతనికి గుర్తులేదు. నర్సమ్మ అతని వైపే చూస్తోంది. కూర్మయ్య చేతులు జోడించాడు.

"అవును," అన్నాడు తాతబాబు. "అన్నాను."