నూకమ్మ రక్తానికి రామూర్తి అనుమతి

పలాసలోని ఒక ప్రైవేటు కిడ్నీ ఆసుపత్రిలో రోగుల రహస్యాలకు మంచిరోజులు వచ్చాయి. రోగి వివరాలు ఒక ఆసుపత్రి కంప్యూటరు నుంచి మరొకదానికి పోవాలంటే రోగి అంగీకారం ఉండాలని చట్టం చెప్పింది. దానికి కాపలాగా, బిల్లులు రాసే తారకేశ్వరరావుగారిని గోప్యతాధికారిని చేశారు. ఆయన తొలిరోజే సిబ్బందిని వరసగా నిలబెట్టి, "రోగి ప్రాణం దేవుడి చేతిలో ఉంది. రోగి సమాచారం నా చేతిలో ఉంది. దేవుడు కునుకు తీయొచ్చు, నేను తీయను" అని ప్రసంగించారు.

కవిటి నూకమ్మకు ఆ ఉదయం డయాలసిస్ జరగాలి. మిషన్ పాడైంది. టెక్కలిలో ఒకటి ఖాళీగా ఉంది గానీ, రక్తపరీక్షల రిపోర్టు చూడనిదే అక్కడ ఎవరినీ పడుకోబెట్టరు. రిపోర్టు తారకేశ్వరరావుగారి కంప్యూటర్లో ఉంది. మీట నొక్కితే చాలు. నొక్కేముందు రోగి ఫోనుకు ఓటీపీ వెళ్లాలి. వెళ్లింది. ఆటో రామూర్తికి వెళ్లింది.

నూకమ్మ వీధిలో ఎవరు ఆసుపత్రికి వచ్చినా రామూర్తి నంబరే రాయిస్తారు. తెచ్చేవాడూ తీసుకెళ్లేవాడూ అతనే కదా. ఆ విధంగా ఒక వీధి కిడ్నీలన్నిటికీ చట్టరీత్యా రామూర్తే యజమాని.

"రగతం నాది, ఒప్పుకోడానికి రామూర్తెవులు బాబూ? నానిక్కడే ఉన్నాను గదా, సూడు!" అంది నూకమ్మ ఆయాసపడుతూ.

"నువ్వు నువ్వేనని కంప్యూటరుకు తెలియాలి కదమ్మా."

"దానికి తెల్దు సరే, నీకు తెల్దేటి? మొన్నటిదాకా నా బిల్లులు రాసింది నువ్వే గదేటి!"

ఆయనకు తెలుసు. తెలిసినదాన్ని బయటపెట్టకపోవడమే ఇప్పుడాయన ఉద్యోగం. పోనీ కాగితం చేతికిమ్మంటే, దారిలో ఎవరైనా చూస్తారన్నారు. ఈలోగా వరండా బల్లమీద, "మా మావకి రగతంలో క్రియాటిన్ నీకన్నా ఎక్కువొచ్చింది పిన్నీ, బయపడకు" అని పక్కామె ధైర్యం చెబుతోంది.

మూలపేట పోర్టు పనికి కూలీలను దింపడానికి వెళ్లిన రామూర్తి మధ్యాహ్నానికి ఫోనులో దొరికాడు.

"ఏ నూకమ్మ బావూ? నాకాడ ముగ్గురున్నారు. ముగ్గురికీ ఓకే కొట్టీమంతారా?"

చట్టప్రకారం ఒక్కరికేనని ఆయన విడమరిచి చెబుతుండగా ఓటీపీ గడువు తీరింది. తర్వాత సిగ్నలు పోయింది. సాయంత్రానికి అంగీకారం నమోదై, రిపోర్టు క్షణంలో టెక్కలి చేరింది. నూకమ్మ మాత్రం అప్పటికే, ఎవరి అంగీకారమూ అడగకుండా, ఆ బల్లమీదే వెళ్లిపోయింది.

ఒక్క రోగి సమాచారమూ పొక్కనివ్వనందుకు ఆ ఏడాది తారకేశ్వరరావుగారికి శాలువా కప్పారు. నూకమ్మ దేనివల్ల పోయిందని సభలో ఎవరో అడిగితే, "అది గోప్యం" అన్నారాయన. ఇంటికో కిడ్నీ రోగి ఉన్న మా ఉద్దానంలో ఆ జవాబు తెలియనివాళ్లు లేరు కనుక మనమెవరమూ రెండోసారి అడగలేదు. చప్పట్లు కొట్టాం.